జీతం తీసుకోని కమిటీ, ఫీజు అడిగే కళాకారుడు

ఒక చిన్న ఊళ్ళో వాలంటీర్లు నడిపే ఆర్ట్స్ కౌన్సిల్, అంటే స్థానిక కళలనూ కళాకారులనూ ప్రోత్సహించే సంఘం, శనివారం సాయంత్రం ఒక ప్రదర్శన పెట్టిందనుకుందాం. హాలు అద్దె ముందే కట్టారు. లైట్లు బిగించిన ఎలక్ట్రీషియన్‌కు ఆ రోజే డబ్బు ఇచ్చేశారు. బ్యానర్ ప్రింట్ చేసినవాళ్ళు బిల్లు పంపారు, ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం తీసుకున్నాకే కాగితం ఇచ్చింది, కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళు అడ్వాన్స్ లేనిదే కదల్లేదు. ఆ సాయంత్రం చేతికి డబ్బు రానివాళ్ళు రెండు రకాలు. ఒకరు కౌన్సిల్ సభ్యులు. రెండోవాళ్ళు గోడల మీద బొమ్మలున్న చిత్రకారులు, మూలన కూర్చుని పాడిన గాయకురాలు, వచ్చినవాళ్ళకు చక్రం మీద కుండ చేసి చూపించిన కుమ్మరి.

పైకి ఇద్దరిదీ ఒకే త్యాగంలా కనిపిస్తుంది. సభ్యులు తమంతట తాము ముందుకొచ్చారు, వాళ్ళ ఇల్లు గడవడానికి వేరే ఉద్యోగమో పింఛనో ఉంది. కళాకారులకు బతుకుదెరువే ఆ పని. ఫీజు వద్దని వాళ్ళేమీ అనలేదు, ఎంతని ఎవరూ అడగలేదు.

ఇలాంటి కౌన్సిళ్ళ గురించి ఎప్పుడు మాట వచ్చినా నిధుల కొరత దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. కొరత నిజమే. కానీ ఉన్న కాస్త డబ్బు ఏ వరసలో ఎవరికి అందుతోందో చూస్తే ఆ కౌన్సిల్ ఎవరి కోసం నడుస్తోందో ఎక్కువ తెలుస్తుంది. హాలు అయ్యాక, కుర్చీలు అయ్యాక, మిగిలితే కళాకారుడికి అనే వరస ఒక్క రోజులో వచ్చింది కాదు. ఈ సంస్థలు పుట్టిన తీరులోనే దాని మూలం కొంత ఉంది.

కింది నుంచి ఒకటి, పై నుంచి ఒకటి

మొట్టమొదటి స్థానిక ఆర్ట్స్ కౌన్సిల్ తమదేనని చెప్పుకునే ఊళ్ళు ఒకటికి మించే ఉన్నాయి. కెనడాలోని వాంకూవర్‌లో 1946లో ఏర్పడ్డ కమ్యూనిటీ ఆర్ట్స్ కౌన్సిల్‌కు ఉత్తర అమెరికాలో మొదటిదన్న పేరుంది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ 1947ను చూపిస్తుంది, నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలం 1949ను చూపిస్తుంది. ఎవరు ముందన్న సంగతి అటుంచితే, వాంకూవర్, విన్‌స్టన్-సేలం రెండింటి వెనకా జూనియర్ లీగ్ అనే మహిళా స్వచ్ఛంద సంస్థ ఉంది. ఊళ్ళో కళలకు సంబంధించి ఏమున్నాయి, ఏం కొరవడ్డాయి అని ముందు సర్వే చేసి, ఆ తర్వాతే సంస్థ పెట్టుకోవాలన్నది ఆ లీగ్ సలహాదారు వర్జీనియా లీ కోమర్ పద్ధతి. ఇప్పటికీ మంచి కౌన్సిళ్ళు అక్కడి నుంచే మొదలుపెడతాయి.

జూనియర్ లీగ్ సభ్యులు చాలావరకు స్థిరపడిన కుటుంబాల స్త్రీలు. చేతిలో సమయం ఉంది, నలుగురినీ కదిలించే పలుకుబడి ఉంది, జీతం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. వాళ్ళు చేసినది నిజానికి పెద్ద ఉద్యోగమే, ఎవరూ అలా లెక్కపెట్టలేదంతే. డబ్బు తీసుకోకుండా చేయడమే పరువు అన్న భావన అలా సంస్థ పునాదిలోకి వెళ్ళింది. నిర్వాహకులకు అది సొంత నియమం. రానురాను అదే కొలత కళాకారుడికీ పెట్టడం మొదలైంది. డబ్బు మాట ఎత్తిన కళాకారుడు కాస్త తక్కువవాడిలా కనిపించడానికి కారణం ఇదే.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ 1940లో, యుద్ధం నడుస్తుండగా, సంగీతాన్నీ కళలనూ ప్రోత్సహించడానికి సెమా అనే సంఘం వచ్చింది. మొదట్లో పిల్‌గ్రిమ్ ట్రస్ట్ అనే దాతృత్వ సంస్థ ఇచ్చిన 25,000 పౌండ్లే దానికి ఆధారం. ఊరూరా జనం చేత పాడించాలి, ఆడించాలి, అభిరుచి కొద్దీ చేసేవాళ్ళను కలుపుకుపోవాలి అన్నది తొలినాళ్ళ ధోరణి. 1942లో ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ అధ్యక్షుడయ్యాక మొగ్గు వృత్తి కళాకారుల వైపు, ప్రమాణాల వైపు తిరిగింది. అదే సంస్థ 1946 ఆగస్టులో రాజు ఇచ్చిన అధికార పత్రంతో (రాయల్ చార్టర్) ఆర్ట్స్ కౌన్సిల్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ అయింది. ఆ కాగితం చేతికి రాకముందే, ఏప్రిల్‌లో, కీన్స్ చనిపోయారు. డబ్బు ప్రభుత్వానిదే అయినా ఎవరికి ఇవ్వాలన్నది మంత్రులు తేల్చకూడదన్న నియమం ఆ నమూనా నుంచే చాలా దేశాలకు పాకింది.

నలుగురికీ పంచాలా, కొందరిని నిలబెట్టాలా అన్న తగువు అప్పటి నుంచీ తెగలేదు. బ్రిటన్ ఆర్ట్స్ కౌన్సిల్ 1950ల మొదట్లో తన వార్షిక నివేదికలో తక్కువైనా మేలైనవే ఉండాలన్న వాదన వైపు మొగ్గింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ గార్డ్ దీనికి ఎదురు దారి పట్టాడు. కళలకు నిధులిచ్చే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ 1965లో పుట్టింది. మరుసటి ఏడే దాని గ్రాంట్‌తో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఐదు చిన్న ఊళ్ళలో ఆయన బృందం మూడేళ్ళ ప్రయోగం చేసింది. పెద్ద నగరాల సింఫనీ వాద్యబృందాలకు వెళ్ళే డబ్బులో కొంత ఈ ఊళ్ళకు వస్తే ఏమవుతుందో చూడటం ఉద్దేశం. 1969లో వెలువడ్డ వాళ్ళ ప్రణాళిక చిన్న ఊరి కౌన్సిళ్ళకు చాలాకాలం చేతి పుస్తకంలా పనికొచ్చింది.

హస్తకళలవాళ్ళు ఈ కథలోకి పక్క తలుపు నుంచి వచ్చారు. 1964లో న్యూయార్క్‌లో వరల్డ్ క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఏర్పడినప్పుడు దాని వెనకున్నవాళ్ళలో అమెరికాకు చెందిన ఐలీన్ ఆస్బోర్న్ వెబ్, భారతదేశం నుంచి కమలాదేవి చటోపాధ్యాయ ఉన్నారు. అదే ఏడాది కమలాదేవి చేతుల మీదుగా క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదలైంది. అదీ స్వచ్ఛందంగా నడిచే సంస్థే. చిత్రకారుడికీ చేతివృత్తివాడికీ వేర్వేరు కౌన్సిళ్ళు ఉండాలా, ఒకటే ఉండాలా అంటే పెద్ద నగరాలు రెండు పెట్టుకున్నాయి. చిన్న ఊళ్ళకు రెండు కమిటీలు నడిపేంత మనుషులు లేరు కాబట్టి ఒకటే. ఇవాళ అమెరికాలో స్థానిక కళా సంస్థలు సుమారు 4,500 దాకా ఉన్నాయని లెక్క. ఎక్కువ భాగం ప్రభుత్వ శాఖలు కావు, లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థలు. వాటిలో అడుగున ఉన్నవి పూర్తిగా వాలంటీర్ల మీదే నడుస్తాయి.

కనిపించని పని

బయటివాళ్ళకు కౌన్సిల్ అంటే ఏడాదికోసారి వచ్చే మేళా, గోడ మీద బహుమతి రిబ్బన్. లోపల పని మాత్రం చాలావరకు కాగితాలది. పార్కులో స్టాళ్ళు వేసుకోవడానికి అనుమతి, పాటల కార్యక్రమానికి లైసెన్స్, ఎవరైనా తాడు తట్టుకుని పడితే నష్టపరిహారానికి ఇన్సూరెన్స్... ఇవన్నీ ఒంటరి కళాకారుడు తెచ్చుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. కౌన్సిల్ ఒకసారి తెస్తే యాభై మంది దాని నీడన స్టాల్ వేసుకోవచ్చు.

గొడుగు పని ఇంకొకటి ఉంది. ఒక నాటక బృందానికో, గోడ చిత్రం వేయాలనుకున్న ఇద్దరు కళాకారులకో విరాళం ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే, ఇచ్చేవాళ్ళకు పన్ను మినహాయింపు కావాలి. ఆ బృందానికి రిజిస్ట్రేషన్ ఉండదు. అప్పుడు కౌన్సిల్ తన పేరు మీద డబ్బు తీసుకుని, లెక్కలు తాను రాసి, సాధారణంగా 5 నుంచి 10 శాతం నిర్వహణ ఖర్చు పట్టుకుని మిగతాది వాళ్ళకు అందిస్తుంది. పేపర్లో ఫొటో రాదు కానీ, ఒక బృందం కొత్త సంస్థ పెట్టుకునే తిప్పలు లేకుండా పని పూర్తి చేసుకోగలుగుతుంది.

చిన్న గ్రాంట్లు పంచే పని కొన్నిచోట్ల పైనుంచి కిందికి వస్తుంది. న్యూయార్క్ రాష్ట్ర ఆర్ట్స్ కౌన్సిల్ 1977 నుంచి నిధుల్లో కొంత భాగాన్ని స్థానిక సంస్థల చేతికిచ్చి, ఆయా జిల్లాల్లో వాళ్ళనే పంచమంటోంది. రాజధానిలో కూర్చున్న అధికారికి ఫలానా ఊళ్ళో గిటార్లు చేసే ముసలాయన ఉన్నాడని తెలియదు, స్థానిక కమిటీకి తెలుస్తుంది. మరి ఆ ముసలాయన మేనల్లుడు కమిటీలో ఉంటేనో? ఆ చిక్కు ముందుంది.

గంటకు 33 డాలర్ల 49 సెంట్లు

గ్రాంట్ అడిగినప్పుడు సంస్థ తన వంతు వాటా కూడా చూపించమంటారు. అమెరికాలో చాలా గ్రాంట్లకు ఆ వాటా కింద వాలంటీర్లు పనిచేసిన గంటలను డబ్బుగా లెక్కగట్టి చూపే వెసులుబాటు ఉంది. ఇండిపెండెంట్ సెక్టార్ అనే సంస్థ ఏటా గంట విలువ ప్రకటిస్తుంది. 2023కు అది 33 డాలర్ల 49 సెంట్లు. అంటే కుర్చీలు సర్దిన సభ్యుడి గంటకు కాగితం మీద ఒక ధర ఉంది. అదే సాయంత్రం రెండు గంటలు పాడిన గాయకురాలి పద్దు ఆ బడ్జెట్‌లో ఉండకపోవచ్చు, ఉన్నా 'పేరు వస్తుంది' అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటుంది. సభ్యులను తప్పుపట్టడానికి కాదు ఇది చెప్పడం. లెక్కగట్టడం రాక ఇలా జరగడం లేదు. గంటకు ధర కట్టడం తెలిసిన సంస్థే కళాకారుడి గంట దగ్గరకొచ్చేసరికి కలం కింద పెడుతోంది.

నిధుల సేకరణ వేలం దగ్గర ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊళ్ళోని చిత్రకారులను తలో బొమ్మ విరాళం ఇమ్మంటారు, వేలం వేస్తారు, వచ్చిన డబ్బుతో కళలను ప్రోత్సహిస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. పైగా అమెరికాలో 1969 పన్ను సంస్కరణల తర్వాత తన బొమ్మను తానే విరాళమిచ్చిన చిత్రకారుడు పన్నులో చూపించుకోగలిగేది సరుకు ఖర్చు మాత్రమే, అంటే కాన్వాసు, రంగులు, చట్రం. అదే బొమ్మను కొన్నేళ్ళ క్రితం కొనుక్కున్న సేకర్త తగిన మ్యూజియానికి ఇస్తే మార్కెట్ విలువ మొత్తానికి మినహాయింపు అడగొచ్చు. ఆ సవరణ రాజకీయ నాయకులు తమ ఫైళ్ళకూ ఉత్తరాలకూ పెద్ద విలువ కట్టి దానం చూపించడాన్ని ఆపడానికి తెచ్చినది. మధ్యలో కళాకారులు నలిగారు. వేలంలో బొమ్మ సగం ధరకు పోతే ఇంకో నష్టం ఉంది. మర్నాడు అసలు ధర చెప్పిన చిత్రకారుడితో కొనేవాడు నిన్న వేలంలో ఇంతకే పోయింది కదా అంటాడు.

దీనికి మందు కనిపెట్టలేనిదేమీ కాదు. వేలంలో పలికిన ధరలో సగం కళాకారుడికి ఇచ్చే కౌన్సిళ్ళు ఉన్నాయి. ఇంత కంటే తక్కువకు అమ్మొద్దని ముందే కనీస ధర రాయించుకునేవీ ఉన్నాయి. కొన్నిచోట్ల బొమ్మలు అడగడమే మానేసి, నిధుల కోసం విందు పెట్టి సభ్యులే దాని టికెట్లు కొనుక్కుంటున్నారు. బహుశా అదే అన్నిటికంటే నిజాయితీ అయిన దారి.

కళాకారుడికి ఫీజు అన్న ఆలోచన కౌన్సిళ్ళ నుంచి రాలేదు, కళాకారుల నుంచే వచ్చింది. కెనడా నేషనల్ గ్యాలరీ 1967లో చిత్రాల ప్రతులు ఉచితంగా వాడుకోవడానికి అనుమతి కోరితే, ఒంటారియోలోని లండన్ పట్టణానికి చెందిన చిత్రకారుడు జాక్ ఛేంబర్స్ కుదరదన్నాడు. తోటి చిత్రకారులను కూడగట్టి 1968లో కార్‌ఫాక్ అనే సంఘం పెట్టాడు. ఆ సంఘం ప్రదర్శనకు ఇంత అని కనీస ఫీజుల పట్టిక తయారుచేసింది. ఇరవై ఏళ్ళకు, 1988లో, కెనడా కాపీరైట్ చట్టం ప్రదర్శన హక్కును ఒప్పుకుంది. అమ్మకం కోసం కాకుండా బొమ్మను జనానికి చూపిస్తే చిత్రకారుడికి ఫీజు అడిగే హక్కు వచ్చింది. అమ్మకానికి పెట్టిన ప్రదర్శన అందులోకి రాదు, వాలంటీర్ కౌన్సిళ్ళు పెట్టేవి ఎక్కువగా ఆ రకమే. కాబట్టి చట్టం ఉన్నచోట కూడా చివరికి కమిటీ మనసే ముఖ్యం.

చిన్న కౌన్సిళ్ళు చెప్పే అభ్యంతరం ఒకటే, మా దగ్గర అంత డబ్బు లేదు. ఆ మాట నిజమైనప్పుడు ఏడాదికి పది కార్యక్రమాలు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. పదింట్లో ఉచితంగా పాడించే బదులు మూడింట్లో ఫీజు ఇచ్చి పాడించవచ్చు. కానీ వార్షిక నివేదికలో పది అన్న అంకె మూడు కంటే బాగుంటుంది, వచ్చే ఏడాది గ్రాంట్ ఇచ్చేవాళ్ళు చూసేదీ అంకెనే. అందుకే మార్పు కింద ఒక్కచోటే వస్తే నిలవదు. దరఖాస్తులో కళాకారుల ఫీజుకు విడిగా ఒక గడి పెట్టి, అది ఖాళీగా ఉంటే ఎందుకని అడిగే గ్రాంట్ దాతలు ఉన్నచోట కమిటీలు తొందరగానే దారికొస్తాయి. బడ్జెట్ రాసేటప్పుడు హాలు అద్దె కంటే ముందు ఆ పద్దు రాసుకోవడం ఇంకా తేలిక. మిగిలింది చూసుకుని హాలు వెతుక్కుంటారు.

చేతిపనివాళ్ళ లెక్క వేరు

చిత్రకారుడికి పనికొచ్చే సాయం చేతివృత్తివాడికి అలాగే పనికిరాదు. ఇద్దరినీ ఒకే గ్రాంట్ ఫారంలో ఇరికించడం కౌన్సిళ్ళు తరచూ చేసే పొరపాటు. ఫారం అడిగేది మీ కళా దృక్పథం రాయమని. నేతగాడికి కావాల్సింది నూలు కొనడానికి సమయానికి పెట్టుబడి.

మగ్గం మీద పని దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. ఒక్క అంగుళం గుడ్డ పడకముందే పడుగు కొలిచి చుట్టుకోవాలి, వందల పోగులను ఒక్కోటీ అచ్చులోంచి లాగి కట్టుకోవాలి. ఒక పోగు తప్పినా ఆ తప్పు గుడ్డ పొడవునా గీతలా వస్తుంది. కొనేవాడికి కనిపించేది నేసిన గంటలే. ముందు పోయిన రోజులు ధరలో కలపడం చాలామందికి అలవాటు లేదు. కుమ్మరి సంగతీ అంతే. గ్లేజ్ వేసే కుండను రెండుసార్లు కాలుస్తారు. మొదటిసారి గట్టిపడటానికి, రెండోసారి పూత కరిగి గాజులా అంటుకోవడానికి. బట్టీ తెరిచేదాకా ఎన్ని నిలిచాయో తెలియదు. పగిలిన వాటి ఖర్చు నిలిచినవాటి మీద పడాలి. పడకపోతే కుమ్మరి తన జేబులోంచి కొనేవాడికి తగ్గింపు ఇస్తున్నట్టు లెక్క.

1966లో బౌమోల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల గురించి చెప్పిన మాట ఇక్కడ బాగా అతుకుతుంది. ఫ్యాక్టరీలో గంటకు తయారయ్యే సరుకు ఏటా పెరుగుతుంది కాబట్టి జీతం పెరిగినా సరుకు ధర అంతగా పెరగదు. నలుగురు వాయించాల్సిన సంగీతానికి వందేళ్ళ క్రితం నలుగురే, ఇప్పుడూ నలుగురే, పట్టే సమయమూ అంతే. మిగతా రంగాల్లో జీతాలు పెరిగేకొద్దీ ఈ పని ఖరీదు పోల్చి చూస్తే పెరుగుతూనే ఉంటుంది. చేతిపనికీ ఇదే వర్తిస్తుంది. 'ధర ఎక్కువండీ' అన్న మాటకు నేతగాడి దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఆయన తనను ఫ్యాక్టరీ గుడ్డతోనే పోల్చుకుంటున్నాడు. ధర కట్టడం నేర్పే రెండు రోజుల శిక్షణ, ఎవరూ ఒంటరిగా కొనలేని బట్టీని పదిమందికి ఉమ్మడిగా పెట్టడం, ముడిసరుకు టోకుగా కొనిపెట్టడం... కౌన్సిల్ ఇలాంటివి చేస్తే బహుమతి రిబ్బన్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి.

మేళాల్లో ఇంకో తలనొప్పి కొని అమ్మే సరుకు. ఎక్కడో టోకున కొన్న నగలనో బొమ్మలనో తీసుకొచ్చి 'చేత్తో చేసినవి' అని బోర్డు పెట్టేస్తారు. పక్క స్టాల్లో నిజంగా చేత్తో చేసినవాడు ఆ ధరకు ఇవ్వలేడు, మధ్యాహ్నానికి ఆయన స్టాల్ ఖాళీ. అందుకే నియమాలు గట్టిగా ఉన్న మేళాలు స్టాల్లో చేసినవాళ్ళే కూర్చోవాలంటాయి, పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు అడుగుతాయి, అవసరమైతే పనిచేసే చోటు చూడటానికి వస్తామంటాయి. నియమం రాయడం సులువే. మేళా రోజు ఉదయం స్టాల్ కట్టేసుకున్న మనిషిని, ఫీజు కూడా కట్టినవాడిని, సర్దుకుని వెళ్ళమని చెప్పాల్సింది ఒక వాలంటీర్. పైగా పొరుగువాడు. చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

కౌన్సిల్ సొంతంగా దుకాణమో గ్యాలరీయో నడిపితే సరుకు అమ్మాకే డబ్బు ఇచ్చే పద్ధతి ఉంటుంది. వ్యాపార గ్యాలరీలు అమ్మిన ధరలో సగం దాకా పట్టుకోవడం మామూలు. లాభాపేక్ష లేనివి అంతకంటే తక్కువ తీసుకుంటాయి. అయితే కమిషన్ శాతం కంటే ముఖ్యమైనవి రెండున్నాయి, వాటిని ఎవరూ చదవరు. ఒకటి, అమ్మిన ఎన్ని రోజులకు డబ్బు ఇవ్వాలన్నది. రెండోది, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉంటుందన్నది. కళాకారుడి వాటాను కరెంటు బిల్లుల ఖాతాలోనే కలిపేస్తే, చేతులు ఇరుకైన నెలలో ట్రెజరర్‌కు తెలియకుండానే అది ఖర్చయిపోతుంది. దుకాణం మూతపడితే అప్పులవాళ్ళు షెల్ఫుల మీదున్న సరుకు కూడా సంస్థదేనంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అమ్మకానికి పెట్టిన కళాకృతి అమ్ముడయ్యేదాకా కళాకారుడిదేనని, అమ్మాక వచ్చిన డబ్బు కూడా ఆయన తరఫున దాచిపెట్టినదేనని ప్రత్యేక చట్టాలు చేసింది ఈ కారణంతోనే. చట్టం లేనిచోట ఒక పేజీ ఒప్పందంలో రెండు వాక్యాలు రాసుకుంటే చాలు.

ఎవరు ఎంచాలి?

వాలంటీర్ కౌన్సిల్లో ఉండేది చాలావరకు కళాకారులే, లేదా వాళ్ళ ఇంట్లోవాళ్ళు. వేరేవాళ్ళకు అంత ఆసక్తి ఉండదు. దాంతో దరఖాస్తు పెట్టేవాళ్ళూ ఎంపిక చేసేవాళ్ళూ ఒకే గుంపు అవుతారు. సభ్యులకు అసలు గ్రాంట్లు, ప్రదర్శనలో చోటు ఇవ్వకూడదని గట్టిగా రాస్తే మంచి కళాకారులు బోర్డులోకి రారు. రాయకపోతే ప్రతి ప్రదర్శనలోనూ అవే నాలుగు పేర్లు కనిపించి, కంచే చేను మేస్తోందన్న గుసగుస మొదలవుతుంది. గుసగుస నిజం కానక్కర్లేదు, మొదలైతే చాలు. బయటి కళాకారులు దరఖాస్తు పెట్టడం మానేస్తారు, అప్పుడు మిగిలేవి నిజంగానే ఆ నాలుగు పేర్లు.

పనిచేసే ఏర్పాటు ఒకటుంది. ఎంపికకు వేరే ఊరి కౌన్సిల్ నుంచి ముగ్గురిని పిలిపించడం, మరోసారి వాళ్ళ ఊరికి ఇక్కడివాళ్ళు వెళ్ళడం. పేర్లు తీసేసి ఫొటోలు మాత్రమే చూపించడం కొంతవరకు పనికొస్తుంది కానీ, చిన్న ప్రాంతంలో ఎవరి పని ఎవరిదో చూడగానే తెలిసిపోతుంది. ఫొటోల పద్ధతిలో వేరే అన్యాయం కూడా ఉంది. జ్యూరీ ముందు స్క్రీన్ మీద ఒక్కొక్కరివీ నాలుగైదు ఫొటోలు వచ్చి వెళ్ళిపోతాయి. మంచి కెమెరా, నల్లటి తెర, సరైన లైటు ఉన్నవాడి మామూలు గిన్నె, ఫోన్లో వాకిట్లో ఫొటో తీసుకున్నవాడి గొప్ప గిన్నెను ఓడిస్తుంది. దరఖాస్తు గడువుకు ముందు ఒక ఆదివారం పొద్దున కౌన్సిలే ఒక ఫొటోగ్రాఫర్‌ను పెట్టి అందరి సరుకూ ఒకే లైటులో ఫొటోలు తీయిస్తే ఈ తేడా చాలా తగ్గుతుంది. ఆ ఫొటోగ్రాఫర్‌కు కూడా ఫీజు ఇవ్వాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

రాత సంగతి ఇంకా కష్టం. పన్నెండు పేజీల దరఖాస్తు నింపగలిగేవాడికే గ్రాంట్ వస్తుంది, అంటే దరఖాస్తులు రాయడంలో ఆరితేరినవాడికి. బుట్టలల్లే మనిషికి, కమ్మరికి ఎవరైనా ఇంటికెళ్ళి అరగంట మాట్లాడి వివరాలు రాసుకొస్తే సరిపోతుంది. అమెరికాలో జానపద కళల శిష్యరిక పథకాలు ఈ దారిలోనే నడిచాయి. క్షేత్రంలో తిరిగే పరిశోధకులు గురువులను వెతికిపట్టుకుంటారు, నేర్పినందుకు గురువుకు డబ్బు ఇస్తారు. కళ కొనసాగాలని ఉపన్యాసాలిచ్చే కంటే నేర్పే గంటకు వెల కట్టడం గురువుకూ అర్థమయ్యే గౌరవం.

అలసట

పూర్తిగా వాలంటీర్ల మీద నడిచే సంస్థలో నిజంగా పనిచేసేది ముగ్గురో నలుగురో. వాళ్ళలో ఒకరికి ఊరు మారాల్సి వస్తుంది, ఇంకొకరికి ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగుండదు. బ్యాంకు పాస్‌వర్డ్ ఒకరి ఫోన్లో, స్టోర్ రూమ్ తాళం ఇంకొకరి ఇంట్లో, ఇన్సూరెన్స్ పాలసీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మొదలుపెట్టిన మనిషి పదిహేనేళ్ళయినా అధ్యక్షస్థానం వదలకపోవడం ఇంకో జబ్బు. నిజానికి చాలాసార్లు ఆ మనిషి వదలడానికి సిద్ధంగానే ఉంటుంది, తీసుకునేవాళ్ళు ఉండరు.

ఇది ఎంత మామూలో అమెరికా పన్ను శాఖ లెక్క ఒకటి చూపిస్తుంది. ఏడాదికి 50,000 డాలర్ల లోపు రాబడి ఉన్న సంస్థలు అక్కడ ఆన్‌లైన్‌లో ఓ చిన్న ఫారం నింపితే చాలు, పది నిమిషాల పని. వరసగా మూడేళ్ళు నింపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. ఈ నియమం తెచ్చిన 2006 చట్టం తర్వాత మొదటి విడత జాబితా 2011 జూన్‌లో వచ్చినప్పుడు అందులో సుమారు 2,75,000 సంస్థలున్నాయి. వాటిలో చాలావరకు ఎప్పుడో మూతపడ్డవే. బతికున్నవీ కొన్ని ఉన్నాయి, ఫారం సంగతి తెలిసిన ట్రెజరర్ మారిపోయాడంతే.

అందుకే వారానికి కొన్ని గంటలకైనా జీతమిచ్చి ఒక సమన్వయకర్తను పెట్టుకోవాలన్న చర్చ ప్రతి కౌన్సిల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు మేమంతా ఉచితంగా చేస్తుంటే ఒకరికి జీతమా అన్న మాట కూడా తప్పకుండా వస్తుంది. కళాకారుడికి ఫీజు అన్నప్పుడు వచ్చేదీ ఇదే మాట. ఫీజులు ఇవ్వడం ముందే అలవాటైన కౌన్సిళ్ళకు ఈ రెండో మెట్టు అంత కష్టం కాదు. జీతగాడు వచ్చాక మిగతావాళ్ళు చల్లగా జారుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఎవరి పని ఏమిటో రాసుకుని ఆ తర్వాతే ఉద్యోగం ప్రకటించడం మేలు.

కొన్ని కౌన్సిళ్ళు ఆగిపోతాయి, ఆగిపోవాలి కూడా. మూసేటప్పుడు మిగిలిన డబ్బు, కుర్చీలు, లైట్లు సభ్యులు పంచుకోకూడదు, అలాంటి ఆశయమే ఉన్న మరో సంస్థకు ఇవ్వాలి. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సంస్థల నియమావళిలో ఈ షరతు మొదటి రోజే రాయించుకుంటారు. దుకాణంలో అమ్మకానికి పెట్టిన కుండలు, బొమ్మలు, శాలువాలు ఆ లెక్కలోకి రావు, అవి చేసినవాళ్ళవి. వాటిని తిరిగి అప్పగించడానికి ఎవరు ఏమి తెచ్చిపెట్టారో తేదీతో సహా రాసుకున్న రిజిస్టర్ కావాలి. సంస్థ బాగా నడుస్తున్న రోజుల్లోనే దాన్ని మొదలుపెట్టి ఉండాలి, ఎందుకంటే తలుపు మూసే వారంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు.